వదిలితే ఆగే బండి

ఈ పనిలోకి కొత్తగా వచ్చే ఆడపిల్లలు నన్ను అడుగుతుంటారు, అక్కా ఏం నేర్చుకోవాలె అని. విమానాశ్రయంలో గానీ, మాల్‌లో గానీ, పెద్ద దవాఖానలో గానీ నడవలేని పెద్దవాళ్లను బండి మీద కూర్చోబెట్టి తిప్పే పని ఇది. బండి సంగతి ఒక పూటలో వస్తుంది. ఎక్కేవాళ్ల సంగతి మాత్రం నేను మానేసేదాకా నేర్చుకుంటూనే ఉన్నాను.

నాది తొండుపల్లి. శంషాబాద్ అవతల ఒక నీళ్ల ఆటల పార్కు ఉండేది. విమానాలు మొదలైన మరుసటి ఏడు తెరిచారు. గేటు పక్కన పెద్దవాళ్లకు బ్యాటరీ బండ్లు ఇచ్చే చోట నాకు పని దొరికింది. 2014లో మోకాళ్లు అరిగి మానేశాను.

ఆ పని అనగానే నాకు ముందు జంగమ్మవ్వ గుర్తొస్తుంది. ఆమె బండి ఎక్కింది ఆటలు చూడటానికి కాదు. ఆ పార్కు కట్టిన నేల ఒకప్పుడు వాళ్ల చెల్క, జొన్నలు వేసుకునే నేల. తన మూడేండ్ల బిడ్డను అందులో పాతిపెట్టుకుంది. ఆ జాగను ఒక్కసారి చూసుకోవాలని వచ్చింది. ఆమె గురించి చెప్పాలంటే ముందు ఇంకొందరి గురించి చెప్పాలి. ఆ రోజు ఆమెకు నేను చేయగలిగింది ఏదైనా ఉంటే అది వాళ్ల దగ్గర నేర్చుకున్నదే.

సంచులు మోసే బండి

బ్యాటరీ బండి చూడటానికి పిల్లల మూడు చక్రాల సైకిల్‌కు మంగలి షాపు కుర్చీ బిగించినట్టు ఉంటుంది. ముందు ఒక బుట్ట, రెండు పిడులు. మనిషి నడిచినంత వేగమే పోతుంది.

పార్కుకు పెద్దవాళ్లు వాళ్లంతట వాళ్లు రారు. ఇంట్లో ఒంటరిగా వదలలేక పిల్లలు వెంట తెస్తారు. లోపలికి వచ్చాక అందరూ నీళ్లలోకి పోతారు, అవ్వనో తాతనో చెప్పుల దగ్గర కూర్చోబెడతారు. ఎవరైనా బండి తీసుకుంటే నాకు సంతోషమయ్యేది, ఈ అవ్వ నాలుగు దిక్కులు తిరుగుతుంది కదా అని. కాసేపయ్యాక పోయి చూస్తే బుట్టలో తడిబట్టలు, కాళ్ల దగ్గర టిఫిన్ డబ్బాలు, ఒళ్లో మనుమరాలి బూట్లు. బండి నీడ చూసుకుని ఆగి ఉండేది. తిరగలేదా అవ్వా అని ఒకామెను అడిగాను.

"నేను తిరిగితే సామాను తిరగదా బిడ్డా? వాళ్లొచ్చి యాడ ఎతుకుతరు" అన్నది.

ఇది చెడ్డవాళ్లు చేసే పని కాదు. మంచివాళ్లే చేస్తారు. అందుకే వాళ్లకు చెప్పడం కష్టం. నేను చెప్పేది ఒకటే. బండి ఇచ్చేటప్పుడు ఇంటివాళ్లతో మాట్లాడి పంపెయ్యకండి. ఎక్కేవాళ్లను అడగండి, నీకు ఏం చూడాలని ఉంది అని. చాలామందిని ఆ మాట ఎవరూ అడిగి ఉండరు. జవాబు రావడానికి సేపు పడుతుంది. అప్పటిదాకా ఆగండి.

గుంజితే ఆగదు

పిడి కింద ఒక మీట ఉంటుంది. దాన్ని వేళ్లతో దగ్గరికి గుంజితే బండి పోతుంది, వదిలితే ఆగుతుంది. పట్నంవాళ్లకు ఇది తొందరగానే వస్తుంది. మా దిక్కు ముసలివాళ్లకు రాదు. ఎద్దు ఆగాలంటే పగ్గం గుంజాలి, వదిలితే పోతుంది. వాళ్ల చేతులకు తెలిసింది అదే. ఈ బండి దానికి ఉల్టా.

మంఖాల్ నుంచి మల్లయ్య అనే తాత వచ్చాడు. బండిని చూడగానే ముచ్చటపడ్డాడు. బానే తోలుకుంటూ పోయాడు. ఎదురుగా పాప్‌కార్న్ అమ్మే బండి వచ్చింది. ఆపుదామని "హో, హో" అంటూ వెనక్కి వాలి మీట గుంజాడు. గుంజినకొద్దీ అది ముందుకే పోయింది. పోయి పాప్‌కార్న్ బండికి గుద్దుకుని ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం పడీపడీ నవ్వారు. బ్యాటరీ బండికి హో అంటున్నడు చూడు అని ఒకరికొకరు చెప్పుకున్నారు. మనుమడు ఫోన్‌లో తీసి, తెచ్చి తాతకే చూపించాడు.

మల్లయ్య మెల్లగా దిగాడు. బండి మీద చెయ్యి వేసి, "దానికి నోరు లేదు, నాకు తెలివి లేదు, ఇద్దరం ఇద్దరమే" అన్నాడు. మళ్లీ ఎక్కలేదు. పొద్దుగూకేదాకా గేటు దగ్గర గద్దె మీద కూర్చున్నాడు. ఎద్దులను ఏనాడూ కొట్టి తోలిన మనిషి కాదని, మాటతోనే ఆపేవాడని కోడలు పోయేటప్పుడు చెప్పింది. అంతమందిలో నవ్వులపాలైంది ఆ మాటే.

అప్పటినుంచి నేను బండి చాలు చేయకముందే వాళ్ల చెయ్యి మీద నా చెయ్యి వేసి నేర్పేదాన్ని. గుంజకు, వదులు, వదిలితే ఆగుతది. ఈ మాటనే బోర్డు మీద రాసి పెడదామనిపించింది.

రాయడం నాకు అప్పుడప్పుడే వస్తున్నది. మా బండ్ల స్టాండుకు పెద్ద, పద్మజ మేడం. తెనాలి దిక్కు ఆమె, అత్తాపూర్‌లో కిరాయికి ఉండేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక పలక ముందు పెట్టి నాకు అక్షరాలు దిద్దించింది ఆమే. అప్పటికే నా బిడ్డలకు పెండ్లిళ్లు అయిపోయినయి. బోర్డు కోసం నేను "వదిలితే ఆగుతది" అని రాసి చూపిస్తే, ఆమె చెరిపి "ఆగుతుంది" అని దిద్దింది.

"మాట్లాడేది మీ ఇష్టం అండాలూ, రాసేది మాత్రం పుస్తకంలో ఉన్నట్టు ఉండాలి."

"చదివేటోళ్లు పుస్తకం లెక్క మాట్లాడరు గద మేడం" అన్నాను. ఆమె నవ్వింది గానీ దిద్దింది మార్చలేదు. ఇప్పుడు నేను రాసేది కూడా ఆమె నేర్పిన తీరే.

వెనక నడవడం

ఒకసారి కోస్తా దిక్కు పెద్దాయన ఒకరు కుటుంబంతో వచ్చారు. ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. బండి ఎక్కారు. ఎక్కడ పడిపోతారో అని కొడుకులు, కోడళ్లు, పిల్లలు అందరూ ఒక గుంపుగా, మాటా పలుకూ లేకుండా ఆయన వెనకాలే నడుస్తున్నారు. కొంత దూరం పోయాక ఆయన బండి ఆపి వెనక్కి తిరిగారు.

"ఏంట్రా ఇది? మీరంతా ఇలా తలలు వంచుకుని నా వెనకాల నడిచే రోజు వేరే ఉందిగా. అప్పుడు నడుద్దురు గానిలే."

పిల్లలు నవ్వారు. పెద్ద కోడలు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను ఆమె దగ్గరికి పోయి, పక్కన నడువుండ్రి, ఏదన్న మాట్లాడుకుంట నడువుండ్రి అని చెప్పాను. ఆ తర్వాత బండి ఇచ్చిన ప్రతి ఇంటివాళ్లకూ అదే చెప్పాను. ఎందుకని అడిగినవాళ్లు తక్కువ. చెప్పగానే మొహం చిన్నబుచ్చుకుని పక్కకు వచ్చేవాళ్లు. ఎవరికి తెలియదు కనుక?

మేనేజర్ సారు

రామ్మోహన్ సారంటే మాకెవరికీ పడేది కాదు. నవ్వడు, సెలవు ఇవ్వడు. బండి గచ్చు దాటి మట్టిలోకి దిగితే ఎవరి ముందున్నా సరే అరిచేవాడు, చక్రాలు దిగబడిపోతాయి, పాడైపోతాయి అని. ఆయన తిట్టని రోజు, సారుకు పాణం బాగలేదేమో అనుకునేవాళ్లం.

ఒక్క విషయంలో మాత్రం నేను ఆయనకు దండం పెడతాను. పిల్ల తప్పిపోయిందని ఎవరు చెప్పినా, ముందు వెతికించేవాడు, తర్వాతే మిగతా మాటలు. మా దగ్గర అలల కొలను ఉండేది. మోటర్లతో అలలు పుట్టిస్తారు, జనం సముద్రంలో లాగా ఎగురుతారు. పిల్ల తప్పిపోయిన మరుక్షణం ఆ అలలు ఆపించేవాడు. మైకులో పిల్ల పేరు, వయసు, బట్టల రంగు చెప్పేవాళ్లు. దొరికిందని మళ్లీ మైకులో చెప్పేదాకా అలలు మొదలయ్యేవి కావు. పైసలు పెట్టి వచ్చినం అని జనం గొడవ చేసినా వినేవాడు కాదు. దొరికిందని చెప్పగానే ఆ గొడవ చేసినవాళ్లే నీళ్లలో నిలబడి చప్పట్లు కొట్టేవాళ్లు. పెద్ద అధికారులను చాలామందిని చూశాను. తల్లి మొహం చూసి ముందు కదిలి, తర్వాత అడిగే మనిషిని ఆయన్నే చూశాను.

గుండుకు తొండం

జంగమ్మవ్వ మొదటిసారి దసరా సెలవుల్లో వచ్చింది. మనుమడు శ్రీకాంత్, అతని భార్య స్వాతి, వాళ్ల పిల్లలు వెంట ఉన్నారు. మా స్టాండు పక్క గద్దె మీద ఆమెను కూర్చోబెట్టి, సంచులు అప్పజెప్పి నీళ్లలోకి పోయారు. పార్కు నడుమ ఒక పెద్ద గుండు ఉండేది. అంత బండరాయిని పగలగొట్టడం ఎందుకని దానికి తొండం, చెవులు అతికించి ఏనుగు రంగు వేశారు. పిల్లలు దాని ముందు ఫోటోలు దిగేవాళ్లు. ఆమె చాలాసేపు దాన్నే చూసింది.

"గా గుండుకు తొండం ఎవలు పెట్టిన్రు బిడ్డా?"

"పార్కోళ్లు పెట్టిన్రు అవ్వా."

"అది మా గుండు" అన్నది.

ఇగ మెల్లమెల్లగా చెప్పుకొచ్చింది. బావలు, మరుదులు చెల్క అమ్మేసిన సంగతి ఒక్క మాటలో తేల్చేసింది. ఆమె బాధ నేల గురించి కాదు. తొలిచూలు ఆడపిల్ల. తట్టు పోసి మూడేండ్లకే పోయింది. చిన్నపిల్లలను కాల్చరు కాబట్టి గుండుకు పొద్దు పొడిచే పక్కన పాతిపెట్టారు. నక్కలు తవ్వకుండా ముళ్లకంప కప్పి రాళ్లు పేర్చారు. తర్వాత ఆ రాళ్ల నడుమ సీతాఫలం చెట్టు ఒకటి దానంతట అదే మొలిచింది. దాని కాయ ఇంట్లో ఎవరూ తినలేదు. పిట్టలు తినేవి. పోయిన పిల్లను తలుచుకుంటే పుట్టబోయేవాళ్లకు మంచిది కాదని అత్త ఆ పేరు ఇంట్లో పలకనివ్వలేదు. తర్వాత కొడుకులు పుట్టారు, మనుమలు పుట్టారు. అత్త పోయి ఎన్నో ఏండ్లయింది. పలకకపోవడం మాత్రం అట్లనే అలవాటైపోయింది. తమకు ఒక అక్క ఉండేదని ఆమె కొడుకులకే తెలియదు. ఆ పేరు నాకు కూడా చెప్పలేదు.

"చెట్టున్నదా?" అని అడిగింది.

గుండుకు ఆ పక్కంతా అలల కొలను మోటర్ల షెడ్డు, దానికి ఇనుప గేటు, తాళం. మేం ఎవరమూ అటు పోయేవాళ్లం కాదు. తెలియదవ్వా అన్నాను. మల్ల వచ్చినప్పుడు బండి ఎక్కి పోదువు అన్నాను.

"మల్ల వస్తనంటవా?"

వస్తవు అన్నాను.

జంగమ్మవ్వ బండి ఎక్కిన రోజు

ఎండాకాలం సెలవుల్లో మళ్లీ వచ్చారు. ఈసారి అవ్వ బాగా చిక్కిపోయింది. గుండె బలం లేదని దవాఖానలో చెప్పి ఇంటికి పంపారట. శ్రీకాంత్ నవ్వుతూ చెప్పాడు. "మా అవ్వకు ఈ వయసుల ఆటల పిచ్చి పట్టిందక్కా. దవాఖాన నుంచి వచ్చిన కాడి నుంచి పార్కు పార్కు అని ఒక్కటే లొల్లి."

వాళ్ల ముందే అడిగాను, ఏం చూడాలని ఉందవ్వా అని.

"ఏనుగు" అన్నది. అందరూ నవ్వారు.

బండి మీద కూర్చోబెట్టి ఆమె చెయ్యి మీద నా చెయ్యి వేశాను. బాయి దగ్గర మోట తోలిన చెయ్యి, పిడి అందగానే గట్టిగా గుంజి పట్టుకుంది. గుంజకు అవ్వా, వదులు, వదిలితే ఆగుతది అన్నాను.

"వదిలితే ఆగేది ఇదొక్కటే బిడ్డా. నేను వదిలినయి ఒక్కటి ఆగలే. అన్ని పోయినయి."

శ్రీకాంత్‌నూ స్వాతినీ పక్కన నడవమని చెప్పి నేనూ వెంట పోయాను. ఏనుగు ముందు ఫోటోలు దిగేవాళ్లను దాటి అవ్వ ఆగకుండా పోయింది. గచ్చు అయిపోయి ఇనుప గేటు అడ్డం వచ్చిన దగ్గర ఆపింది. లోపల మోటర్లు హోరుమంటున్నాయి. అటేం లేదవ్వా, మోటర్ల షెడ్డు అని శ్రీకాంత్ అంటూనే ఉన్నాడు. అంతలో రామ్మోహన్ సారు అటు నుంచే వచ్చాడు.

"అమ్మా, ఇటు రాకూడదండీ. బండి వెనక్కి తిప్పండి."

అవ్వ గేటు అవతలికి చెయ్యి చూపించింది. "నా బిడ్డ ఉన్నది సారూ, గా పక్క."

సారు మొహం మారిపోయింది. మోటర్ల దిక్కు, కొలను దిక్కు చూశాడు. పాప వయసెంత అని అడిగాడు. మూడేండ్లు అన్నది. ఏం బట్టలేసుకుంది అంటే పచ్చ లంగ అన్నది. పేరేంటని అడిగాడు.

అవ్వ నోరు తెరిచింది గానీ మాట రాలేదు. భయంతో రావడం లేదనుకున్నాడు సారు. ఆమె ముందు కూర్చుని, "కంగారు పడకండమ్మా. పేరు చెప్పండి, వెతికిస్తాను" అన్నాడు.

"సాయమ్మ" అన్నది.

కావాలంటే నేను అప్పుడే సంగతి చెప్పేదాన్ని. అవ్వ మొహం చూసి ఊరుకున్నాను. ఇప్పుడైనా ఊరుకుంటాను. సారు వాకీటాకీలో చెప్పాడు. మోటర్లు ఆగిపోయాయి. అలలు ఆగాయి. ఆ పక్కన అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు. ఆ నిశ్శబ్దంలో మైకు మొదలైంది. సాయమ్మ అనే మూడేళ్ల పాప కనిపించడం లేదు, పచ్చ లంగా వేసుకుంది, కనిపించినవారు దయచేసి గేటు దగ్గరికి తీసుకురావాలి. ఒకసారి తెలుగులో, ఒకసారి హిందీలో, మళ్లీ తెలుగులో. ఇంట్లో పలకని పేరు పార్కంతా వినబడింది. కొలనులో ఆడవాళ్లు ఎవరి పిల్లలను వాళ్లు దగ్గరికి తీసుకుని, పక్కవాళ్ల పిల్లల బట్టలు చూస్తున్నారు. ముక్కూ మొహం తెలియని మనుషులు సాయమ్మ కోసం నీళ్లలో వెతుకుతున్నారు. అవ్వ తల ఎత్తి మైకు వచ్చే దిక్కు వింటున్నది.

శ్రీకాంత్ బిత్తరపోయాడు. సార్, మా ఇంట్ల సాయమ్మ ఎవలు లేరు, మా అవ్వకు జర మతి… అని అంటుండగా స్వాతి అతని చెయ్యి పట్టుకుని ఆపింది. బండి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"మా మామ కన్న ముందు పుట్టిందా అవ్వా?"

అవ్వ తల ఊపింది.

సారు లేచి నా వైపు చూశాడు. "నీకు తెలుసా అండాలూ?" తెలుసు సార్, ఈ చెల్క వీళ్లదే, పిల్లను గీడనే పెట్టిన్రంట అన్నాను. తిడతాడనుకున్నాను. ఆయన జేబులోంచి తాళంచెవి తీసి గేటు తెరిచాడు. ఒక పిడి పట్టుకుని, బండి పక్కనే తనూ మట్టిలోకి దిగాడు.

లోపల చెట్టు లేదు. పైపులు, కంకర, సిమెంటు. గుండుకు అటు పక్క ఎవరూ చూడరని రంగు వేయలేదు. అటు నుంచి అది ఏనుగు కాదు. ఎప్పటి గుండే. అవ్వ దాన్ని చూసుకుంటూ ఇంకొంచెం ముందుకు తోలింది. ముందు చక్రం ఇసుకలో దిగబడింది. ఆమె ఇంకా మీట గుంజుతూనే ఉంది. వెనక చక్రాలు అక్కడే తిరుగుతున్నాయి. వదులు అవ్వా అన్నాను. వదల్లేదు. ఈడనో, గాడనో, అని అంటున్నది.

వాకీటాకీలో మైకు దగ్గర ఉండే అమ్మాయి అడిగింది, సార్ పాప దొరికిందా, అలలు వేయమంటారా, జనం అడుగుతున్నారు అని. సారు దాన్ని అరచేత్తో మూసి అవ్వ దగ్గరికి వంగాడు.

"ఏం చెప్పమంటారమ్మా?"

అవ్వ గుండును చూసింది. కింద ఇసుకను చూసింది.

"దొరికిందని చెప్పు సారూ."

ఆయన అదే చెప్పాడు. సాయమ్మ దొరికింది అని మైకులో వచ్చింది. గోడ అవతల కొలనులో జనం చప్పట్లు కొట్టారు, ఎప్పుడూ కొట్టినట్టే. అవ్వ చెయ్యి పిడి మీద నుంచి జారింది. చక్రాలు ఆగిపోయాయి.

దిద్దనిది

ఆ తర్వాత అవ్వ మళ్లీ రాలేదు. పెత్తరమాస పోయిన కొద్దిరోజులకు శ్రీకాంత్ ఒక్కడే వచ్చి, అవ్వ పోయిందని చెప్పాడు. ఆ అమాసనాడు పెద్దలకు పెట్టుకుంటూ అవ్వకు ఇస్తారి వేసి అన్నం పెట్టి, పక్కన చిన్న ఇస్తారి ఒకటి వేశారట. పిల్లలకు అట్ల పెట్టరని, పెట్టించే అయ్యగారు చెప్పినా స్వాతి వినలేదట. కాసేపు ఏనుగు దిక్కు చూసి, లోపలికి పోకుండానే వెళ్లిపోయాడు.

పద్మజ మేడం నా రాతలో చాలా దిద్దింది. ఆగుతది కాదు, ఆగుతుంది. పోతున్న కాదు, పోతున్నాను. మంచిదే, అందుకే ఇదంతా రాయగలిగాను. కానీ ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఒకటి చెప్తాను. బండి ఎక్కిన మనిషి తన బిడ్డ గురించి, భర్త గురించి, చెట్టు గురించి "ఉన్నది" అంటే, "ఉండె" అని దిద్దకండి. మందులకు మతి పోయిందని నవ్వకండి. ఆ రోజు రామ్మోహన్ సారు పొరపాటు పడ్డాడని స్టాండులో వాళ్లు చాలా రోజులు చెప్పుకున్నారు. జంగమ్మవ్వ బిడ్డ ఉన్నదని చెప్పింది, ఆయన ఉన్నదనే విన్నాడు. అందులో పొరపాటు నాకైతే కనబడలేదు.